పగిలిన గుడ్ల లెక్క

గుణుపూర్ నుంచి పుట్టాసింగి దాకా
దారి ఎలా ఉందని ఎవరైనా అడిగితే
కిలోమీటర్లు చెప్పను.
నిన్న ముప్పై నాలుగు, అంటాను.
మొన్న వానకి నలభై ఒకటి.

హాస్టళ్ళకి గుడ్లు తోలే బండి నాది.
ఒక్కో పగులుకి కాంట్రాక్టరు
నా కిరాయిలో కోత పెడతాడు.
నీటిపారుదల వాళ్ళు వేలంలో వదిలించుకున్న పికప్పు,
నాలుగు చక్రాలూ లాగే పాత రకం.
తలుపు మీద ఒరియా అక్షరాలు సగం చెరిగి
గొడుగులు మాత్రం మిగిలాయి.
ఇంజను దున్నపోతు.
ముందు కమాన్లే చచ్చిపోయాయి.
ఏళ్ళ తరబడి వంగి వంగి
వంపు మరిచిపోయిన ఇనుము.
రాయి తగిలితే చక్రానికి కాదు,
నా దవడకి తగిలేది.

వంశధార వంతెన దిగగానే
రంకనిధి సాహు షెడ్డు.
బండి కింద దూరి, టార్చి పళ్ళతో పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఒక బుష్షు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.
నమిలి ఊసిన చెరుకు పిప్పిలా ఉంది రబ్బరు.
"దండాసీ, ఇన్నాళ్ళూ నువ్వు
స్ప్రింగుల మీద కాదు, మొక్కుల మీద తోలావు."

మూడు రోజులు.
యూ బోల్టులు తుప్పుకి అతుక్కుపోతే
గ్యాసుతో కాల్చి కోశాడు.
బరంపురం నుంచి బస్సు టాపు మీద
కొత్త కమాన్ కట్టలొచ్చాయి,
అంగుళంన్నర ఎత్తు ఎక్కువ.
పొడుగు షాకబ్జర్లు, పసుపు రంగువి,
పెళ్ళికొడుకు కాళ్ళలా ఉన్నాయంది మా చిన్నది.
బ్రేకు గొట్టం చాలలేదు. దానికి మళ్ళీ ఒక పూట.
బిల్లు సంగతి చెప్పను గానీ
మా ఆవిడ బోసి చెవుల వైపు
రెండు రోజులు చూడలేదు నేను.

తొలి ట్రిప్పు: యాభై మూడు పగిలాయి.

రంకనిధి నవ్వలేదు.
"గుడ్లంటే ఏపాటి బరువు?
ఇవి సిమెంటు మోసే కమాన్లు.
నీ బండికి ఇంత బిరుసు పనికిరాదు."
కట్ట విప్పి, కింది నుంచి మూడో పట్టీ లాగేశాడు.
మళ్ళీ బిగించి, బంపరు మీదికెక్కి
గెంతాడొక్కసారి, ఆ వయసులో.
బండి వంగింది, లేచింది, ఆగింది.
రెండోసారి ఊగలేదు.
"ఇదీ," అన్నాడు. అంతే.

తీసేసిన పట్టీ తిన్నగా కమ్మరి కొలిమికి పోయింది.
కొండ మీద మంచి కత్తులకి గిరాకీ.

ఆ బుధవారం ఘాటీ ఎక్కుతుంటే
రాళ్ళు ఎక్కడో కింద
ఎవరితోనో మాట్లాడుకుంటున్నాయి.
స్టీరింగు మీద రెండు వేళ్ళు చాలాయి.
వంటమనిషి సొంబారి లెక్కపెట్టింది,
సవరలో గొణుక్కుంటూ ఒకసారి,
నాకు వినబడేలా ఒరియాలో ఒకసారి.
పగిలింది ఒక్కటి.
నేను మీసం మీద చెయ్యి వెయ్యబోయాను.

ఆమె చెయ్యి మాత్రం
ఖాళీ గిన్నె అంచు మీదే ఉండిపోయింది.

ఆ గిన్నె వారం వారం చూస్తున్నదే.
పగిలినవి రిజిస్టరుకెక్కవు.
పగిలినవి వెనక గుమ్మం దగ్గర
రిజిస్టరుకెక్కని పిల్లలవి,
అక్కల వెంట కొండ దిగొచ్చి
గోడ నీడన కూర్చునే బుడతలవి.
ఆ రోజు తొమ్మిది మంది.

"రోడ్డేసినారా బావూ?" అడిగింది సొంబారి.
"లేదమ్మా, బండి బాగు చేయించాను."
"మంచిదే," అంది
గిన్నె బోర్లిస్తూ.

శనివారం మళ్ళీ బయల్దేరాను.
హాస్టలుకి కాస్త ఇవతల కూలిన కల్వర్టు.
ఇదివరకు మొదటి గేరులో
ఊపిరి బిగబట్టి దాటేవాణ్ణి.
రంకనిధి చూస్తే పానాతో కొట్టేవాడు,
బ్రేకు మీద కాలు పెట్టలేదు.

కొత్త కమాన్లు బాగానే కాచుకున్నాయి.
దిగి, పట్టా ఎత్తి చూశాను.
ఏడే పగిలాయి.

బండి వెనక్కి తిప్పి
ఇంకోసారి దాటాను.